ఖాకీ జేబులో చిల్లగింజలు

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఒక కథ. అది నా మీద చెప్పుకునే కథే. మొన్న మా ఇంటి మోటారు బాగు చేయడానికి వచ్చిన ఫిట్టరు పని చేస్తూ చేస్తూ, "వెనకట భద్రాచలంల ఒక ఫిట్టర్ ఉండెనట సార్. షవర్ల నీళ్లు సన్నగ వస్తున్నయంటె గోడకు చెవి ఆనిచ్చి, అడ్డం ఏడున్నదో చెప్పేటోడట" అన్నాడు. ఆ ఫిట్టరు నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ కథలో షవరు నిజం, నీళ్లు సన్నబడటం నిజం. మిగతాది నా పరువు కాపాడటానికి ఒకావిడ అల్లింది. ఆమె ఇప్పుడు లేరు. కథ మాత్రం ఇంకా తిరుగుతోంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్లు దాన్ని నమ్మి గోడలకు చెవులు ఆనించకముందే, జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించింది.

మాది ముదిగొండ దగ్గర పల్లె. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఎనభైల మొదట్లో భద్రాచలంలో పంచాయతీ కుళాయి పనిలో చేరాను. పగలంతా పైపులతో గడిచేది. సాయంత్రం చేతులకు అంటిన గ్రీజు కిరోసిన్‌తో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. అక్కడ విజ్ఞాన శాస్త్రానికి ఒక చెక్క బీరువా ఉండేది. దాన్ని కింది అర నుంచి పై అర దాకా చదివాను. అర్థమైనవి ఒకసారి, కానివి రెండుసార్లు. నీటి ఒత్తిడి, ప్రవాహం, గొట్టంలో రాపిడి లాంటి మాటలు అక్కడే నేర్చుకున్నాను. పానా పట్టుకున్నప్పుడు ఆ మాటలు పైకి అనేవాణ్ణి కూడా. మా మేస్త్రి నాకు 'పుస్తకాల ఫిట్టర్' అని పేరు పెట్టాడు. ఆయన వెక్కిరింపుగానే అన్నా నా చెవికి అది బిరుదులాగే ఉండేది.

గ్రంథాలయాధికారి నెమ్మదైన మనిషి, కాని వేళ తప్పనిచ్చేవారు కాదు. ఎనిమిది కాగానే బల్ల మీది గంట మోగించి, "ఇగ చాలు నాయనా. మిగిలింది రేపు చదువుకో, పుస్తకం యాడికి పోదు" అని లైట్లు ఒక్కొక్కటే ఆర్పేవారు. ఆ గంటకు ఈ సంగతిలో పని ఉంది.

ఒక వానాకాలం సాయంత్రం ఒక పుస్తకంలో చిల్లగింజల గురించి చదివాను. మా అడవి అంచున దొరికే గింజలే అవి, సంతలో గంపల్లో పోసి అమ్ముతారు. బురదనీటిని తేటపరిచే గుణం వాటికి ఉందని ఆ పేజీ చివర రాసి ఉంది. అంతవరకు చదివేసరికి గంట మోగింది. అప్పుడు గోదావరి ఎర్రగా పారుతోంది, కుళాయిలో వచ్చేదీ ఆ రంగే. నాకు ఇక ఆగబుద్ధి కాలేదు. సంతకు పోయి రెండు గుప్పెళ్ల గింజలు తెచ్చాను. నా పాత ఖాకీ యూనిఫారం పాంటు వెనక జేబును, చుట్టూ బెత్తెడు గుడ్డ వదిలి కత్తిరించాను. గింజలు పోసి బొత్తాం పెట్టి, సుతిలి తాడు కట్టి, సిస్టరమ్మ ఇంటి డాబా మీదున్న ఇనుప రేకు ట్యాంకులో వేలాడదీశాను. పది రోజులకు నీళ్లు తేరుకున్నాయి. గోదావరిలో వరద కూడా ఆ పది రోజుల్లోనే తగ్గింది గాని, నేను ఘనత గింజలకే ఇచ్చాను, వాటి వెనక నాకూ కొంత ఇచ్చుకున్నాను. ఆ తర్వాత ఆ జేబు సంగతి పూర్తిగా మరిచిపోయాను.

సిస్టరమ్మ అంటే దవాఖానాలో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన ఆమె. భర్త పోయారు, పిల్లలు లేరు. నా పెద్ద కూతురు పుట్టినప్పుడు నా భార్య పక్కన రాత్రంతా కూర్చున్నది ఆమే. అందుకే ఆ ఇంట్లో కుళాయి పని ఏదైనా నాదే అనుకునేవాణ్ణి. ఆమెతోపాటు ఆ దవాఖానాలోనే ఆయాగా చేసిన ఒకామె రోజూ పొద్దున వచ్చి పనిలో సాయం చేసి, సాయంత్రం వెళ్లేది. అడవి లోపలి పల్లె ఆమెది. మేమందరం ఆయమ్మ అనేవాళ్లం.

ఆ చలికాలం సిస్టరమ్మ డాబా మెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి, చేతికర్ర ఇచ్చి పంపారు. నడవవచ్చు, కూర్చోవచ్చు, కాని వంగకూడదన్నారు. వంగకుండా బకెట్లోంచి చెంబుతో నీళ్లు ముంచుకోవడం ఎవరి తరం? రోజూ ఆయమ్మే నీళ్లు పోసేది. ఒకరోజు నేను వెళ్లేసరికి ఇద్దరూ దాని మీదే మాట్లాడుకుంటున్నారు.

"ముప్పయ్యేండ్లు ఎంతమందికి ఒళ్లు తుడిశిననో నాకే యాదిలేదు. నాకు ఒకరు తుడుస్తుంటె మాత్రం కండ్లు మూసుకుంటున్న బిడ్డా" అన్నారు సిస్టరమ్మ నాతో.

"నేనేమన్న పరాయిదాన్నా అమ్మా?" అంది ఆయమ్మ.

"పరాయిదానివి గాదు. గందుకే ఇంక కష్టం."

ఖమ్మంలో ఉన్న ఆమె చెల్లెలి కూతురు తమ ఇంటికి వచ్చి ఉండమని పట్టుబడుతోంది. మంచి పిల్లే. కాని ఈ ఇల్లు, ఈ చర్చి, పొద్దున లేవగానే కిటికీలోంచి కనిపించే గోదావరి గట్టు వదిలి పోవడం సిస్టరమ్మకు ఇష్టం లేదు. "నా స్నానం నేను చేసుకున్నన్ని దినాలు ఈడనే ఉంట. చేతగాని దినం నీతోని వస్త" అని ఆ పిల్లకు మాట ఇచ్చారు. అంటే ఆమె ఈ ఊళ్లో ఉండటం, పోవడం అంతా ఒక్క స్నానం మీద పడింది.

నేను షవరు పెడతానన్నాను. అప్పట్లో ఆ వీధిలో ఎవరింట్లోనూ షవరు లేదు. ఖమ్మం నుంచి ఇత్తడిది తెప్పించి, ట్యాంకు నుంచి పైపు దింపి, కూర్చుంటే చేతికి అందేంత ఎత్తులో కుళాయి పెట్టాను. కింద ఒక చెక్క ముక్కాలిపీట వేశాను. ఆయమ్మ తల పైకెత్తి చూసి, "గోడకు పొద్దుతిరుగుడు పువ్వు పెట్టినవేంది తమ్మీ" అంది.

మొదటిరోజు సిస్టరమ్మ లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత నీళ్ల చప్పుడు. తర్వాత చర్చిలో పాడే పాట. రెండు చరణాలు అయ్యేసరికి స్నానం అయిపోయింది. ఆమె తల తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ఆయమ్మ నన్ను చూసి తల ఊపింది.

రెండు నెలలు బాగానే నడిచింది. ఎండలు ముదిరే వేళకు ధార సన్నబడింది. ముందు రెండు చరణాల స్నానం నాలుగు చరణాలకు పోయింది. తర్వాత పాట మొత్తం అయిపోయినా జుట్టుకు పెట్టిన సబ్బు పోయేది కాదు. చివరికి ఆయమ్మ బకెట్ తీసుకుని మళ్లీ లోపలికి పోవలసి వచ్చింది.

నేను షవరు విప్పి రంధ్రాలన్నీ పిన్నీసుతో పొడిచి శుభ్రం చేశాను. తేడా లేదు. షవరు లేకుండా ఉత్త పైపు నుంచి వదిలినా సన్నగానే వచ్చింది. డాబా ఎక్కి ట్యాంకు మూత తీసి చూశాను. అంచుదాకా నీళ్లు ఉన్నాయి. ఎండలోంచి చూస్తే లోపలంతా చీకటి. మూత వేసి దిగాను.

మా మేస్త్రికి చెబితే ఆయన బీడీ తీసి ఒకటే మాట అడిగాడు. "ట్యాంక్‌ల పైపు మూతి చూసినవా?"

"చూసిన" అన్నాను. చూసింది నీళ్లను. పైపు మూతిని కాదు. నీళ్లు నిండుగా ఉంటే ఇంకేం చూడాలని అప్పటి నా ఆలోచన.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో నా బీరువా దగ్గర కూర్చున్నాను. మరుసటి రోజు తాపీవాళ్లు మట్టం చూసుకునే, లోపలి నీళ్లు కనిపించే సన్నగొట్టం ఒకటి అడిగి తెచ్చాను. షవరు పైపుకు బిగించి, రెండో కొసను గోడ వెంబడి డాబా దాకా ఎత్తి పట్టుకున్నాను. గొట్టంలో నీళ్లు ఎక్కి ఎక్కి ట్యాంకులో నీళ్లు ఎంత మట్టాన ఉన్నాయో సరిగ్గా అక్కడ నిలిచాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కళ్లముందు కనిపిస్తుంటే ఆ ఎండలో నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఒత్తిడికి లోటు లేదు. కాబట్టి దోషం పైపుదే, సన్నపైపులో రాపిడి ఎక్కువ, లావు పైపు వేయాలి అని తేల్చేశాను.

తమ్ముళ్లూ, నా పరీక్షలో లోపం ఎక్కడుందో చెబుతాను. గొట్టంలో నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. నిలిచిన నీళ్లకు దారిలో అడ్డం ఉన్నా లేకున్నా ఒకటే, ఎప్పటికైనా ఆ మట్టానికి చేరతాయి. అడ్డం సంగతి పారే నీళ్లే చెబుతాయి. ఆ ముక్క కూడా పుస్తకంలో ఉండే ఉంటుంది. నాకు కావలసింది దొరకగానే నేను చదవడం ఆపేశాను.

గోడ పగలగొట్టి పాత పైపు పీకి, ముప్పావు అంగుళం పైపు వేసి, మళ్లీ సిమెంటు పూసి ఆరబెట్టేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ స్నానాలగది నిండా ఇటుక పొడే. సిస్టరమ్మకు వెనక వసారాలో చీర అడ్డం కట్టి ఆయమ్మ నీళ్లు పోసింది. నేను ఆ వేళకు వీధిలోకి వెళ్లి నిలబడేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి సిస్టరమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉండేవారు.

"నీ బుక్కుల గోడ పగలగొట్టమని రాసిండ్రు సరే. మళ్ల కట్టుడు గూడ రాసిండ్రా?" అంది ఆయమ్మ.

ఐదో రోజు కుళాయి తిప్పాను. లావు పైపులోంచి అదే సన్నటి ధార.

మేస్త్రి వచ్చి చూసి నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఖమ్మం నుంచి ఆ పిల్ల ఆదివారం వస్తదట గద" అని మాత్రం అన్నాడు. ఆ రోజు శుక్రవారం.

శనివారం పొద్దున సుత్తి, ఉలి పట్టుకుని వెళ్లాను. డాబా అంచున గోడలోంచి పోయే పాత వంపు ఒకటి మిగిలి ఉంది, దాన్ని కూడా పగలగొడదామని. సిస్టరమ్మ స్నానాలగదిలో పీట మీద పొడి బట్టలతో కూర్చుని, కాళ్లు పక్కకు పెట్టుకుని, కుళాయి తిప్పుతూ కట్టేస్తూ ఉన్నారు.

"ఉలి కింద పెట్టు బిడ్డా. ఇట్ల గుమ్మం కాడ కూసొని ఇను" అన్నారు.

కూర్చున్నాను. ఆమె కుళాయి తిప్పి తన పాట ఎత్తుకున్నారు. రెండో మాట కాగానే కట్టేశారు.

"ఏం ఇనబడ్డది?"

"నీళ్లే అమ్మా."

"ఎట్ల వచ్చినయి నీళ్లు? మళ్ల ఇను."

మళ్లీ తిప్పారు. ఈసారి విన్నాను. తిప్పగానే ధార నిండుగా పడింది. పాటలో మొదటి మాట ఉన్నంతసేపే. రెండో మాటకు ఎవరో గొంతు పట్టుకున్నట్టు సన్నబడిపోయింది. కట్టేసి, కాసేపు ఆగి తిప్పితే మళ్లీ అంతే. మొదటి మాటకు నిండుధార, రెండో మాటకు సన్నధార.

"పైపు ఇరుకైతే మొదటి మాటకు గూడ సన్నగనే రావాలె గద" అన్నారు సిస్టరమ్మ. "వార్డుల మాకు గిట్లనే అయ్యేది. కడుపుల నుంచి నీరు గుంజేటందుకు ట్యూబు ఏస్తం. ట్యూబు మంచిగనే ఉంటది. గుంజుడు మొదలుపెట్టంగనే లోపలి కొసకు ఏదో వచ్చి అతుక్కుంటది. ఆపితె ఊడ్తది, గుంజితె అతుక్కుంటది. నీ ట్యాంకుల గూడ గట్లనే ఏదో ఉన్నది. పైకి పో."

డాబా ఎక్కాను. రేకు మూత అప్పటికే వేడెక్కింది. చొక్కా విప్పి, మూతలోంచి భుజందాకా చేయి దించి, అడుగున పైపు మూతి కోసం తడిమాను. వేళ్లకు గుడ్డ తగిలింది. జిగటగా పాచిపట్టి ఉంది. కొంచెం పక్కగా గట్టిగా బరువుగా ఏవో ఉన్నాయి. బయటికి లాగాను. నీళ్లు కారుతూ ఎండలోకి వచ్చింది ఒక ఖాకీ జేబు, బొత్తాం పెట్టి ఉంది.

సుతిలి నీళ్లలో నాని కుళ్లి తెగిపోయింది. గింజల బరువుకు జేబు అడుక్కు దిగి పైపు మూతి పక్కన కూర్చుంది. చుట్టూ నేను వదిలిన బెత్తెడు గుడ్డ నీళ్లు పారినప్పుడల్లా వెళ్లి మూతిని కప్పేది. నీళ్లు ఆగితే తొలగేది. వారంపాటు నేను పైపును తిట్టుకున్నాను, పైపు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెబుతాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరనుకుని ఆ జేబును డాబా వెనకవైపు విసిరేశాను. కిందికి కేకవేశాను, "తిప్పండి అమ్మా" అని.

ధార హోరుమంటూ పడింది. గొళ్లెం చప్పుడు వినిపించింది. పాట మొదలైంది.

మెట్లు దిగి వెనక వసారాలోకి వచ్చేసరికి ఆయమ్మ నిలబడి ఉంది. ఒక చేతికి గిన్నెలు తోమే బూడిద, రెండో అరచేతిలో నా ఖాకీ జేబు. అది నేరుగా ఆమె గిన్నెల మధ్యలో పడింది.

"ఇది ఎవ్వరి జేబు తమ్మీ?"

ఆమె బొత్తాం తీసి గింజలు చేతిలోకి వంపుకుని చూసింది. ఉబ్బి నల్లబడిన గింజలు.

"చిల్లగింజలు" అంది. "ఇవి ట్యాంకుల ఎందుకు ఏసినవు?"

"నీళ్లు తేటపడతయని. పుస్తకంల ఉన్నది."

ఆయమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గింజ సాన మీద అరగదియ్యాలె. ఆ గంధం కుండల కలపాలె. మూట గట్టి నానబెడితె ఏమైతది తమ్మీ, ఇదేమన్న చింతపండా?"

లోపల పాట రెండో చరణం దగ్గర ఆగింది. నీళ్లూ ఆగాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, కర్ర ఊనుకుంటూ సిస్టరమ్మ వచ్చారు. ఆయమ్మ ఆ జేబును బల్లమీద పెట్టి గిన్నెల దగ్గరికి పోయింది. సిస్టరమ్మ బొత్తాన్ని వేలితో తిప్పి చూశారు. నా ఒంటిమీదున్న ఖాకీ పాంటు చూశారు.

"నాదే అమ్మా" అన్నాను. వానాకాలం సంగతి మొత్తం చెప్పాను. డాబా మీంచి విసిరేయడం కూడా.

ఆమె కోప్పడతారనుకున్నాను. కుర్చీలో కూర్చుని, "ఆపరేషన్ అయినంక కుట్లు ఏసేముందు మేం దూది లెక్కబెడ్తం బిడ్డా. లోపల పెట్టినన్ని బయటికొచ్చినయా లేదా అని. ఒక్కటి తక్కువైనా డాక్టరు కుట్టడు. నువ్వు లెక్కబెట్టలే, గంతే" అన్నారు. తర్వాత నవ్వారు. ఆపరేషన్ తర్వాత ఆమె అంత నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆదివారం ఖమ్మం నుంచి ఆ పిల్ల వచ్చింది. సామాను సర్దడానికి ఖాళీ సంచులు కూడా తెచ్చుకుంది. సిస్టరమ్మ ఆమెను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, లోపలికి పోయి, గొళ్లెం పెట్టుకుని, రెండు చరణాలు పాడి వచ్చారు. సాయంత్రం బస్సుకు ఆ సంచులు ఖాళీగానే తిరిగి పోయాయి. బస్సు ఎక్కేముందు ఆ పిల్ల, "ఎట్ల బాగైంది పెద్దమ్మా?" అని అడిగితే, "మా ఫిట్టర్ చెవి పెట్టి విన్నడు. దోషం దొరికింది" అన్నారు సిస్టరమ్మ. చర్చిలో అడిగినవాళ్లకూ అదే చెప్పారు. చెవి పెట్టి వినడం ఊళ్లోకి పోయేసరికి గోడకు చెవి ఆనించడం అయింది.

"అబద్ధం ఎందుకమ్మా?" అన్నాను ఒకసారి.

"అబద్ధం ఏడున్నది? నేను చెప్తె కూసొని విన్నవు గద. శానమంది గా పని గూడ చెయ్యరు."

సోమవారం సాయంత్రం గ్రంథాలయంలో ఆ చిల్లగింజల పుస్తకం తీశాను. ఆ పేజీ తిప్పాను. వెనకవైపు మొదటి వాక్యంలోనే ఉంది, గింజను రాతిమీద నీటితో అరగదీసి కలపాలని. నేను నవ్వుతుంటే గ్రంథాలయాధికారి కళ్లద్దాల మీంచి చూసి, "నవ్వేటందుకు గాదు గద ఆ పుస్తకం" అన్నారు.

"పేజీ తిప్పలేదు సార్ అప్పుడు. మీరు గంట కొట్టిన్రు."

"రేపు చదువుకొమ్మని గూడ చెప్పిన గద నాయనా."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ట్యాంకులో, ఏ పైపులో ఏం పెట్టినా చిన్న పుస్తకంలో రాసుకున్నాను. తీసిన తర్వాత గీత కొట్టేవాణ్ణి. చదవడం మాత్రం తగ్గించలేదు, ఇంకా ఎక్కువే చదివాను. కాకపోతే పేజీ మధ్యలో లేచి సంతకు పోవడం మానేశాను.

ఈ పనిలో నాకు సాయపడ్డవాళ్లకు పేరుపేరునా దండాలు చెప్పి ముగిస్తాను. వాళ్లను నేను పిలిచిన పేర్లే నాకు తెలిసిన పేర్లు. పైపు మూతి చూశావా అని అడిగి, చూశానన్న నా మాట నమ్మిన మేస్త్రికి. వేళకు గంట కొట్టినా మరుసటి రోజు తలుపు తీసి ఉంచిన లైబ్రరీ సారుకు. ఆ తర్వాత ప్రతి వానాకాలం నన్ను వసారాలో సాన ముందు కూర్చోబెట్టి, "అరగదియ్యి తమ్మీ, ఇంక సన్నగ" అంటూ గింజలు చేతికిచ్చిన ఆయమ్మకు. వెనక జేబు లేని ఆ పాంటును మరో రెండేళ్లు అతుకులేసి కుట్టిచ్చిన నా భార్యకు.

చివరగా సిస్టరమ్మకు. ఆమె ఆ ఇంట్లోనే ఇంకా చాలా ఏళ్లు ఉన్నారు. పక్క వీధిలో పని పడ్డప్పుడల్లా పొద్దున ఆ దారినే సైకిలు మీద పోయేవాణ్ణి. ప్రహరీ పక్కన ఒక కాలు నేలకు ఆనించి ఆగేవాణ్ణి. లోపల పాట రెండో చరణంతో అయిపోతే ధార సరిగానే ఉందనుకుని సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి. ఊరు చెప్పుకునే కథలో చెవి సంగతి ఆ మేరకు నిజమే.